దెబ్బతిన్న ఆటగానిని వదులుకోవాలా?



హాకీ అనగానే మనకు పచ్చిక మైదానము, ధ్యాన్‌చంద్ పేరు గుర్తుకు వస్తాయి. ఈ నెల మేము చెప్పబోయేది ఆ హాకీ కాదు. కెనడా, అమెరికా దేశాలలో గడ్డకట్టిన మంచు మీద, అడుగున ఉక్కు అలుగులున్న బూట్లు తొడుక్కొని ఆడే హాకీ. అందులో బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ల ఉంటుంది. దానిని పక్ అంటారు. ఒక్కొక్క జట్టు నుండి మామూలుగా ఆరుగురు ఆడతారు. గోలు కాచేవాడు ఒకడు, వెనుక ఇద్దరు, ముందు ముగ్గురు. ఆ ముగ్గురిలో కుడి ఎడమల ఆడేవారిని వింగర్లు అంటారు. బరి చుట్టూ ఉండే గోడ దగ్గర భుజాలతో ఒకరినొకరు గుద్దుకొంటూ పక్‌ను సంపాదించుకోవడం వీరి పని. అలా గుద్దుకోవడం ఆట నియమాలలో ఉన్నదే. గనుక మోకాళ్లు, భుజాలు, నడుములు దెబ్బతినడం అక్కడ వింత కాదు.

మేము తీసుకొన్న ప్రశ్న ఇది. ఒక జట్టులో పెద్ద జీతం తీసుకొనే వింగర్ ఉన్నాడు. ఆడిన రోజున బాగా ఆడతాడు. కాని ఏడాదిలో చాలా రోజులు వైద్యుని దగ్గరే గడుస్తాయి. అతనిని ఉంచుకోవాలా, లేక మరొక జట్టుకు ఇచ్చి బదులుగా ఇంకొకరిని తెచ్చుకోవాలా? "ఈ సంగతి మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. ఏళ్ల తరబడి మన పొలంలో పనిచేసిన మనిషి మంచాన పడినప్పుడు ఈ ప్రశ్నే మన గుమ్మం ముందుకు వస్తుంది. అక్కడ కోట్లు, ఇక్కడ వందలు. అంతే తేడా.

ముందుగా అక్కడి పద్ధతి తెలుసుకొందాము. నేషనల్ హాకీ లీగులో 32 జట్లున్నాయి. జీతాల విషయమై యజమానులకు, ఆటగాళ్లకు తగవు ముదిరి 2004-05 సీజను మొత్తం రద్దయింది. 2005లో రాజీ కుదిరినప్పుడు, ఒక జట్టు జీతాలకు పెట్టగల మొత్తానికి హద్దు విధించారు. 2024-25లో ఆ హద్దు 8 కోట్ల 80 లక్షల డాలర్లు. గనుక ఇది ఒకే కుండలోని అన్నము వంటిది. ఒకనికి ఎక్కువ వడ్డించితే మరొకనికి తగ్గుతుంది. ఆటలో దెబ్బ తగిలి పడుకొన్నవానికి జీతము ఆపరాదు. దెబ్బతో ఉండగా డబ్బిచ్చి ఒప్పందము రద్దు చేసుకోవడానికి కూడ వీలు లేదు.

అయితే ఒక వెసులుబాటు ఉన్నది. ఎవరైనా కనీసము 24 రోజులు, 10 ఆటలు ఆడలేని స్థితిలో ఉన్న యెడల, అతని జీతము మేరకు హద్దు దాటి మరొకరిని తెచ్చుకోవచ్చు. 2025-26 సీజను నుండి దీనిని కొంత బిగించారు. చిక్కు ఎక్కడంటే, ఏడాది పొడవునా లేనివాని వలన జట్టుకు వచ్చే కష్టము తక్కువ. రెండు వారములు ఆడి, ఒక వారము ఆగి, మరల ఆడి, మరల ఆగేవాని వలన వచ్చే కష్టము ఎక్కువ. అతని జీతము లెక్కలో ఉంటుంది, అతడు మాత్రము బరిలో ఉండడు.

ఇప్పుడు రెండు జట్లు చేసిన పనులు చూద్దాము.

ఫిన్లాండుకు చెందిన పాట్రిక్ లైనే 2017-18లో 44 గోళ్లు కొట్టిన వింగర్. 2022లో కొలంబస్ జట్టు ఏడాదికి 87 లక్షల డాలర్ల చొప్పున నాలుగేళ్లకు అతనితో ఒప్పందము చేసుకొన్నది. 2023-24లో అతడు ఆడినవి 18 ఆటలే. మెడ దగ్గరి ఎముక విరిగింది. మానసిక ఆరోగ్యము నిమిత్తము ఆటగాళ్లకు సహాయము చేసే ఏర్పాటులో చేరి, ఆ సంగతి దాచకుండా లోకానికి చెప్పాడు. మరొక చోట కొత్తగా మొదలుపెట్టాలని అతడు కోరుకొన్నాడు. 2024 ఆగస్టులో కొలంబస్ అతనిని మాంట్రియల్ జట్టుకు ఇచ్చింది. బదులుగా వచ్చినది ఒక్క రక్షక ఆటగాడు. పైగా కొత్త ఆటగాళ్లను ఎంచుకొనే తమ వంతులలో ఒకదానిని కూడ కొలంబసే ఎదురిచ్చుకోవలసి వచ్చింది. మనిషిని ఇచ్చి, పైన కట్నము పెట్టినట్లయింది!

తరువాత ఏమి జరిగింది? సీజను మొదలు కాకముందే లైనేకు మోకాలు దెబ్బతిన్నది. డిసెంబరులో తిరిగి వచ్చి 52 ఆటలలో 20 గోళ్లు కొట్టాడు. ఆ ఏడు మాంట్రియల్ 91 పాయింట్లతో చివరి పోటీలకు చేరింది. కొలంబస్ 89 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. ఇది లైనే ఒక్కని వలననే జరిగిందని మేము చెప్పము. 2025 అక్టోబరులో అతనికి మరల శస్త్రచికిత్స అవసరమైనదని కూడ చెప్పాలి. ఇచ్చినవారి భయము, తీసుకొన్నవారి ఆశ రెండును ఉత్తవి కావు.

రెండవ సంగతి కొలరాడో జట్టుది. స్వీడనుకు చెందిన గాబ్రియేల్ లాండెస్కోగ్ 2012లో 19 ఏళ్ల వయసుననే ఆ జట్టుకు నాయకుడైన వింగర్. 2021లో 8 ఏళ్లకు 5 కోట్ల 60 లక్షల డాలర్లకు ఒప్పందమైంది. 2022 జూన్ 26న స్టాన్లీ కప్పు అందుకొన్నాడు. అప్పటికే అతని మోకాలు చెడి ఉన్నది. ఎముకల కొనలు ఒకదానితో ఒకటి రాచుకోకుండా కప్పి ఉంచే మెత్తని పొర, అనగా మృదులాస్థి, పాడైపోయింది. ఆ పొరకు నేరుగా రక్తము అందదు గనుక అది తనంతట తాను మానడము బహు కష్టము. 2023 మే నెలలో మృదులాస్థి మార్పిడి చేశారు. రెండు సీజనులు పూర్తిగా పోయాయి. మూడవది కూడ దాదాపు పోయింది.

కొలరాడో అతనిని వదలలేదు. నాయకుని స్థానము కూడ తీసివేయలేదు. పైన చెప్పిన వెసులుబాటుతో జట్టును నడుపుకొన్నది. 2025 ఏప్రిల్ 23న, 1,032 రోజుల తరువాత, అతడు మరల ఆ లీగులో మంచు మీదికి వచ్చాడు. మూడు రోజుల తరువాతి ఆటలో గోలు కొట్టాడు. ఆ ఆటను కొలరాడో 4-0తో గెలిచింది.

ఈ కథలో మరొక మలుపున్నది. అదే 2025 జనవరిలో కొలరాడో తన మరొక వింగర్ మికో రాంటనెన్‌ను జీతము కుదరక వేరే జట్టుకు ఇచ్చివేసింది. అతడు ఆరోగ్యవంతుడు. మార్చిలో డాలస్ జట్టుకు చేరాడు. మే 3న చివరి ఆటలో కొలరాడో మీద ఒక్కడే మూడు గోళ్లు కొట్టి, పాత జట్టును ఇంటికి పంపించాడు. పెద్ద జీతము అనే భయముతో వదులుకొన్న మనిషి ఎదుటి పక్షాన నిలబడతాడని ఆ రాత్రి కొలరాడోకు తెలిసింది.

ఇక మా అభిప్రాయము.

మొదటిది, దెబ్బ ఎటువంటిదో తెలియకుండా మనిషిని గురించి తీర్పు చెప్పకూడదు. విరిగిన ఎముక అతుకుతుంది. అరిగిన కీలు వేరే సంగతి. ఒకే చోట మరల మరల తగిలే దెబ్బ ఇంకొక సంగతి. "వానికి ఎప్పుడూ ఏదో ఒకటి" అనే మాట వైద్యము కాదు, విసుగు.

రెండవది, విలువ అడుగంటిన దినమున ఇచ్చివేస్తే ఏమీ రాదు. కొలంబస్ ఎదురిచ్చిన సంగతి చూశాము. ఎండకాలములో బక్కచిక్కిన ఎద్దును సంతకు తోలుకొని వెళ్లిన రైతుకు ఇది తెలిసినదే. పైగా ఇక్కడ ఉన్నది ఎద్దు కాదు. బడికి వెళ్లే పిల్లలతో ఊరు మారవలసిన కుటుంబము.

మూడవది, అతని మనసును అడగాలి. లైనే వెళ్లాలని కోరాడు గనుక పంపడము తప్పు కాదు. కష్టపడి కోలుకొంటూ, ఉంటానన్నవానిని తోసివేయడము వేరు.

నాలుగవది, ప్రేమ ఒక్కటే కారణముగా ఉంచుకోవడమూ మేలు కాదు. జీతము లెక్కలో ఉండి మనిషి బరిలో లేని ప్రతి రోజు తక్కిన ఆటగాళ్లు ఆ బరువు మోస్తారు. వైద్యులు ఇక మెరుగు కాదని చెప్పినప్పుడు, ఆ మాట అతనితో ముఖాముఖిగా చెప్పి, గౌరవముగా దారి చూపాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. ఇటువంటి తగవులలో అసలు పొరపాటు చాలాసార్లు ఒప్పందము వ్రాసుకొన్న రోజుననే జరుగుతుంది. బాగున్న దినములలో ఉత్సాహముతో ఎనిమిదేళ్లకు మాట ఇస్తారు. మూడవ ఏడు మోకాలు చెడితే ఆ మాట బరువనిపిస్తుంది. ఇవ్వగలిగినంతే మాట ఇవ్వాలి. ఇచ్చిన తరువాత మొదటి దెబ్బకే వెనుదీయకూడదు.

కాబట్టి మమ్మును అడిగితే, కొలరాడో లాండెస్కోగ్‌ను ఉంచుకోవడము న్యాయము, లాభము కూడ. కొలంబస్ లైనేను పంపడము న్యాయమే గాని, చవకగా పంపింది.

మీ ఇంటిలో, మీ పొలములో, మీ అంగడిలో ఇటువంటి మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ నెల ఒక సాయంకాలము ఇంటిల్లిపాది కూర్చుండి మాట్లాడుకొనండి. లెక్కల పుస్తకము తెరవడానికి ముందు ఆ మనిషి దగ్గరకు వెళ్లి, "ఎలా ఉన్నావు? వైద్యుడు ఏమన్నాడు? నీవేమనుకొంటున్నావు?" అని అడగండి. నిర్ణయము ఆ తరువాత చేయవచ్చు.