గుర్రము ధర – దాణా ఖర్చు

“గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అన్నది మన పెద్దల సామెత. వీధులలో గుర్రపు బండ్లు పోయినవి గాని సామెత పోలేదు. నేడు కర్నూలులోను, కడపలోను పాత కార్లు అమ్ము తావులకు పోయి చూచినవారికి దాని అర్థము మరింత స్పష్టముగా బోధపడును. క్రొత్తగా ఉన్ననాడు సంపన్నులు మాత్రమే కొనగలిగిన వేగవంతమైన కారు, పది పండ్రెండేండ్లు గడచిన పిమ్మట, క్రొత్త చిన్న కారు ధరకో, అంతకు తక్కువకో లభించుచున్నది. తొలి జీతములు చేతికందిన యువకుని మనస్సు దానిపై నిలుచుట సహజము. ఆ కోరికను తప్పుపట్టుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. అయితే ఆ ధర అంత తక్కువగా ఎందుకున్నదని ప్రశ్నింపకుండ కొనుట మాత్రము ప్రమాదకరము.

కారు పాతబడిన కొలది దాని ధర తగ్గును. దాని విడిభాగముల ధర తగ్గదు. ఇరువది లక్షల కారు నాలుగు లక్షలకు దిగి వచ్చినను, దాని గేరుబాక్సు, టర్బో, బ్రేకులు ఇరువది లక్షల కారుకు తగినవే గాని నాలుగు లక్షల కారుకు తగినవి కావు. బేరములో తగ్గిన సొమ్ములో చాల భాగము ముందు కాబోవు ఖర్చునకు బజారు వేసిన అంచనా. అది మనకు మిగిలిన సొమ్ము కాదు. మనము ఇంకను చెల్లింపవలసిన సొమ్ము.

ఈ సత్యమును రాయలసీమ రైతుకు ఎవరును బోధింపనక్కరలేదు. సంతలో ఎద్దును కొనునప్పుడు అతడు పళ్ళు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అంతటితో ఆగడు. ఇంటి వామిలోని జొన్నసొప్ప ఎన్ని నెలలకు వచ్చునో ముందే లెక్క వేసికొనును. వాన తప్పిన యేట ఎద్దు ధర పడిపోవును, మేత ధర పెరిగిపోవును. 1876–78 నాటి ధాత కరువులో ఈ సీమ పశువులు లెక్కకు మిక్కిలిగా నశించినవి. మేతయు, నీరును లేకపోవుటయే అందుకు కారణము. కొనుట ఒకనాటి పని, పోషించుట ప్రతిదినపు పని అన్న పాఠమును ఈ మెట్టనేల తరతరములుగా నేర్పుచునే యున్నది. ఎద్దు విషయమున తాత పాటించిన ఆ పాఠమును కారు విషయమున మనుమడు మరచుట వింత.

ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో ఇయ్యదగిన లెక్క యొకటి చూతము. ఒక కుటుంబము సంవత్సరమునకు 10,000 కిలోమీటర్లు తిరుగుచున్నది. పెట్రోలు లీటరు 110 రూపాయలనుకొందము. 1,200 సి.సి. చిన్న కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడచినచో ఏటికి 73,333 రూపాయల పెట్రోలు కావలెను. 1,800 సి.సి. టర్బో ఇంజను గల వేగపు కారు లీటరుకు 10 కిలోమీటర్లే నడచినచో 1,10,000 రూపాయలగును. టైర్లు 40,000 కిలోమీటర్లకు ఒకమారు మార్చవలెననుకొందము. చిన్న కారు టైరు 5,000, పెద్ద కారు టైరు 12,000 అనుకొన్నచో, నాలుగు టైర్లకు ఏటి వంతు 5,000, 12,000 చొప్పున పడును. సర్వీసుకు, మరమ్మతులకు చిన్న దానికి 12,000, పెద్ద దానికి 40,000 ఉంచుదము. ఇక తృతీయ పక్ష బీమా. 2022 జూన్‌లో అమలునకు వచ్చిన రేట్ల ప్రకారము, పన్ను గాక, 1,000 నుండి 1,500 సి.సి. వరకు 3,416 రూపాయలు, 1,500 సి.సి. దాటినచో 7,897 రూపాయలు.

కూడి చూడుడు. చిన్న కారుకు ఏటికి 93,749. వేగపు కారుకు 1,69,897. నెలకు చెప్పవలెనన్న, మొదటిది సుమారు 7,800, రెండవది సుమారు 14,200. ఐదేండ్లలో భేదము 3,80,740 రూపాయలు, అనగా ఇంచుమించు మరియొక పాత కారు ధర! మైలేజి, టైర్లు, మరమ్మతుల అంకెలు ఉదాహరణకై తీసికొన్నవి. ఎవరి ఊరి ధరలు వారు వేసికొనవచ్చును. అంకెలు మారినను లెక్క మారదు. కొనుటకు అప్పు తెచ్చినచో వాయిదా సొమ్మును దీనిపై చేర్చవలెను. పాత కార్ల అప్పునకు వడ్డీ సాధారణముగా క్రొత్త కార్ల అప్పుకంటె ఎక్కువయే.

ఇంత వెచ్చించి కొన్న వేగము మనకేమి ఇచ్చును? కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు. గంటకు 80 చొప్పున పోయిన రెండున్నర గంటలు, 100 చొప్పున పోయిన రెండు గంటలు. లాభము అరగంట. విద్యార్థులు భౌతికశాస్త్రములో చదువుకొన్నదే: గాలి నిరోధము వేగపు వర్గమును అనుసరించి పెరుగును. 80 నుండి 100కు పోవునప్పుడు వేగము నాలుగవ వంతు పెరిగినది, నిరోధము సగమునకు పైగా పెరిగినది. బ్రేకు వేసిన పిమ్మట కారు ఆగుటకు పట్టు దూరమును అదే లెక్కన పెరుగును. 120 వద్ద అది 80 వద్ద పట్టు దూరమునకు రెండుంబాతిక రెట్లు. ఆ త్రోవలో మన కారొక్కటే ఉండదు. ధాన్యపు ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనములు, రోడ్డు దాటు గొఱ్ఱెల మందలు నుండును. కడప దాటి రాయచోటికి పోవు గువ్వలచెరువు కనుమలోని మలుపులు ఇంజను బలమును పరీక్షింపవు. బ్రేకుల బలమును, నడుపువాని బుద్ధిని పరీక్షించును.

మన ఎండలను గూడ లెక్కలో చేర్చవలెను. 40 డిగ్రీలు దాటు వేసవిలో రబ్బరు గొట్టములు, బ్యాటరీ, టైర్లు త్వరగా చెడును. టర్బో ఇంజనుకు కూలెంటు లోపము సహింపరానిది. బేతంచెర్ల రాతి దుమ్ము, ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము గాలి ఫిల్టరు ఆయుస్సును తగ్గించును. పెట్రోలులో నేడు 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో లీటరుకు పెట్రోలుకంటె సుమారు మూడవ వంతు శక్తి తక్కువ. కనుక మైలేజి కొంత తగ్గును. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో పెక్కింటిని ఈ మిశ్రమమునకై రూపొందింపలేదు. పాత కారు కొనువారు ఇంధనపు గొట్టములను, పంపును పరీక్ష చేయించుట మంచిది.

ఎంపికలో మొదటి ప్రశ్న “ఎంత వేగము?” అన్నది కారాదు, “మన ఊరి షెడ్డులో దీనిని విప్పగలవారున్నారా?” అన్నది కావలెను. ఫోర్డ్ సంస్థ మన దేశమున కార్ల తయారీ నిలుపుదునని 2021లో ప్రకటించినది. ఫోక్స్‌వ్యాగన్ పోలో తయారీ 2022లో నిలిచినది. అవి మంచి కార్లు కావని కాదు. భాగము కొరకు ఎంత దూరము పోవలెనో, ఎన్నాళ్ళు వేచియుండవలెనో ముందే విచారించుకొనుమని భావము. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు చూడవలెను: 2319 అని యున్న, అది 2019లో 23వ వారమున తయారైనది. మీటరు చూపు కిలోమీటర్లను సర్వీసు చీటీలతో పోల్చవలెను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి వినవలెను. హైదరాబాదు, బెంగుళూరుల నుండి చవుకగా వచ్చు కార్లకు ఆ రాష్ట్రపు నిరభ్యంతర పత్రము, ఇక్కడి రోడ్డు పన్ను, క్రొత్త నమోదు ఖర్చు కలిపిన పిమ్మట ఆ చవుక ఎంత మిగులునో చూడవలెను.

కాగితముల మాట అన్నిటికంటె ముఖ్యము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము, ఒకే రాష్ట్రములో అమ్మకము జరిగినచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా అధికారికి తెలుపవలెను. “తరువాత చూచుకొందము” అను మాట ఎంత చేటో సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పు చాటినది. అనేక చేతులు మారిన ఒక కారు ప్రమాదమునకు కారణమైనప్పుడు, ఎన్నడో అమ్మివేసినను, నమోదులో పేరున్న తొలి యజమానియే పరిహారమునకు బాధ్యుడని న్యాయస్థానము నిర్ణయించినది. బీమాను గూడ కొన్నవాడు తన పేరునకు మార్పించుకొనవలెను. క్లెయిము లేనందుకు లభించు రాయితీ కారుది కాదు, పాత యజమానిది.

వేగమును ప్రేమించుట నేరము కాదు. దానిని పోషింపగలవాడు నిశ్చింతగా కొనవచ్చును. పోషింపగలమో లేమో తెలిసికొనుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. కారు కొనకముందే, ఆరు నెలల పాటు, దాని నెలసరి ఖర్చు 14,200 రూపాయలను తొలి తేదీననే జీతమునుండి వేరు చేసి దాచి చూడుడు. పిల్లల ఫీజు, తల్లిదండ్రుల మందులు, ఇంటి బియ్యము – వేనికిని లోటు రాకుండ ఆరు నెలలు గడచినచో, 85,200 రూపాయలు చేతిలో నుండును. తొలి మరమ్మతులకు అదియే నిధి. మూడవ నెలలోనే ఆ సొమ్మును ముట్టవలసి వచ్చినచో, ఆ కారు మన వామికి మించిన ఎద్దు అని గ్రహించి, సంతనుండి చిన్నదానిని తోలుకొని రావలెను. అందులో చిన్నతనమేమియు లేదు.