ఇంటి ముంగిట యంత్ర రంపం.. వేళ్లకు కాపలా ఏదీ?

* వడ్రంగి వాకిలి వరకు రాని భద్రతా చట్టం
* తొడుగు తీసి కోస్తే ముప్పు.. కరెంటు పోయి వచ్చినప్పుడు మరీ ప్రమాదం
* పనిముట్టుతో పాటు పద్ధతీ నేర్పాల్సిన అవసరం

పట్టిసీమ (పోలవరం): గోదావరి నడుమ దేవకూట పర్వతంపై వెలసిన వీరభద్రస్వామి ఆలయం పట్టిసీమకు పాత గుర్తు. 2015లో ప్రారంభమైన ఎత్తిపోతల పథకం కొత్త గుర్తు. ఆ పథకంలో 24 భారీ పంపులున్నాయి. ప్రభుత్వ పథకంలో యంత్రం తిరిగితే దాని బాగోగులు చూసేందుకు శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు. అదే ఊరిలో ఓ వడ్రంగి తన వాకిట్లో కరెంటు రంపం బిగించుకుంటే మాత్రం దానికి కాపలా అతని రెండు చేతులే. ప్రమాదం పొంచి ఉండేదీ ఆ చేతులకే.

గోదావరి తీర గ్రామాల్లో బాడిస, ఉలి, చిత్రిక, చేతి రంపం, మూలమట్టం వడ్రంగికి తరతరాల ఆస్తి. కిటికీ చట్రం మూలలు అతికేలా 45 డిగ్రీల ఏటవాలు కోత కోయడం చేయి తిరిగిన పనివాడికి పరీక్షగా ఉండేది. ఇప్పుడా కోతను యంత్రం రెండు మూడు సెకన్లలో పూర్తిచేస్తోంది. పీఠంపై కోణం సరిచేసుకుని, గుండ్రటి పళ్ల చక్రాన్ని పైనుంచి కిందకు దించి కోసే ఈ యంత్రాన్ని దుకాణాల్లో మైటర్ సా అంటారు. పనివారికి అది కటింగ్ మిషన్. కలపతో పాటు అల్యూమినియం కిటికీల తయారీలోనూ దీని వాడకం ఎక్కువే. సొంతింటి పనులు తామే చేసుకునే వారూ దీన్ని కొంటున్నారు. యంత్రం సులువుగా ఇంటికి చేరుతోంది. దాన్ని వాడే పద్ధతి మాత్రం చేరడం లేదు.

చేతి రంపం ఆగుతుంది.. ఇది ఆగదు

చేతి రంపం వేలికి తగిలితే వెంటనే ఆగిపోతుంది. దాన్ని కదిపేది ఆ మనిషి చేయే కాబట్టి. యంత్రానికి ఆ బాధ తెలియదు. పది అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 80 సెంటీమీటర్లు. నిమిషానికి 5 వేల సార్లు తిరిగితే దాని అంచున ఉన్న పళ్ల వేగం గంటకు దాదాపు 240 కిలోమీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి చేయి వెనక్కి తీసుకునేందుకు మనిషికి సెకనులో అయిదో వంతు పట్టిందనుకున్నా, ఈలోగా చక్రం 16 చుట్లు తిరిగేస్తుంది. అందువల్ల ‘జాగ్రత్తగా ఉంటే చాలు’ అన్న మాట ఇక్కడ చెల్లదు. చేయి చక్రం దారిలోకి రాకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం ఒక్కటే మార్గం.

ఎక్కడ పొరపాటు?

చక్రాన్ని కప్పి ఉంచే తొడుగు యంత్రం దిగేటప్పుడు దానంతటదే పైకి జరుగుతుంది, లేచేటప్పుడు మళ్లీ మూసుకుంటుంది. గీత కనిపించడం లేదనో, పొట్టు ఇరుక్కుంటోందనో దాన్ని తీగతో పైకి కట్టేయడం తొలి తప్పు. చిన్న ముక్కను వేళ్లతో పట్టుకుని కోయడం రెండోది. కోత పూర్తయిందన్న తొందరలో చక్రం ఇంకా తిరుగుతుండగానే తెగిన ముక్క కోసం చేయి చాపడం మూడోది. స్విచ్ వదిలాక కూడా చక్రం కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. మోత తగ్గింది కాబట్టి ఆగిందనుకోవడం పొరపాటు.

పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు, వాసాలు కొత్త ఇంటి గుమ్మాలకు వాడుకోవడం గోదావరి జిల్లాల్లో పరిపాటి. ఆ కలపలో తలలు విరిగిన మేకులు దాగి ఉంటాయి. చక్రం వాటికి తగిలితే పళ్లు ఊడి తూటాల్లా లేస్తాయి. కోతకు ముందే మేకులను వెతికి పీకేయడం తప్పనిసరి. కళ్లద్దాలు లేకుండా ఇటువంటి కలప కోయడం కంటిచూపుతో చెలగాటమే.

కోసే తీరు ఇదీ

యంత్రాన్ని నేలపై పెట్టి, చెక్కను కాలితో తొక్కిపట్టి కోయడం ఎంతమాత్రం తగదు. నడుము ఎత్తున గట్టి బల్లకు బోల్టులతో బిగించాలి. చెక్క అడుగున పీఠానికి, వెనుక నిలువు పట్టీకి సందు లేకుండా ఆనాలి. వంపు తిరిగిన చెక్క అయితే ఉబ్బు భాగం వెనుక పట్టీ వైపు ఉండాలి. లేకుంటే కోత మధ్యలో చెక్క ముడుచుకుని చక్రాన్ని బిగపట్టి, ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. పొడవాటి చెక్కకు రెండు కొసల్లోనూ యంత్రం ఎత్తుకు సమానమైన దన్ను ఉండాలి. ఆ కొసను మరో మనిషి చేత పట్టించడం క్షేమం కాదు. అతను కాస్త కదిలినా కోత బిగుసుకుపోతుంది.

చెక్కను బిగింపు పట్టుతో బిగించాలి. చేత్తో పట్టుకోక తప్పనిచోట చేయి చక్రానికి కనీసం ఆరంగుళాల దూరంలో ఉండాలి. కుడి చేత్తో పిడి పట్టి, ఎడమ చేతిని దాని మీదుగా దాటించి అవతలి వైపు చెక్క పట్టుకోకూడదు. ఆరంగుళాల దూరం పాటించలేనంత చిన్న ముక్కలకు పాత చేతి రంపమే ఉత్తమం. చక్రం పూర్తి వేగం అందుకున్నాకే నెమ్మదిగా దించాలి. కోత పూర్తయ్యాక స్విచ్ వదిలి, చక్రం పూర్తిగా ఆగేవరకు పిడిని కిందే ఉంచాలి. ఆ తర్వాతే పైకి లేపాలి. ఈ ఒక్క అలవాటుతోనే అనేక గాయాలు తప్పుతాయి.

లుంగీ అంచులు, భుజంపై తువ్వాలు, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసులు, చేతికి కట్టుకున్న తాళ్లు చక్రానికి చిక్కితే చేతినీ లాక్కుపోతాయి. వదులుగా ఉండే చేతి తొడుగులతోనూ ఇదే ముప్పు. ఇంటి వాకిట్లో పని కాబట్టి పిల్లలు దగ్గరకు రావడం సహజం. పని ఆపిన ప్రతిసారీ ప్లగ్గు పీకేయాలి. చక్రం మార్చేటప్పుడూ అంతే.

కరెంటుతో మరో చిక్కు

కోత మధ్యలో కరెంటు పోతే పనివారు యంత్రాన్ని అలాగే వదిలేసి పక్కకు వెళ్తుంటారు. బొత్తాం నొక్కి లాక్ చేసే రకం కట్టర్లు కరెంటు తిరిగి రాగానే వాటంతట అవే తిరగడం మొదలుపెడతాయి. కరెంటు పోగానే స్విచ్ వదిలి ప్లగ్గు తీసేయడమే దీనికి విరుగుడు. 1500 వాట్ల యంత్రం 230 వోల్టుల వద్ద ఆరేడు ఆంపియర్ల విద్యుత్తు లాగుతుంది. దీనికి ఫ్యాను, దీపాల ప్లగ్గు చాలదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, తగిన మందం గల వైరు అవసరం. వానాకాలంలో తడి నేలపై పనిచేసే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే విద్యుదాఘాతం నుంచి ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ.

మైటర్ యంత్రం ఖరీదని పాలరాయి కోసే నాలుగంగుళాల చేతి కట్టర్‌కో, గ్రైండర్‌కో కలప కోసే పళ్ల చక్రం బిగించి వాడేవారూ ఉన్నారు. ఇది మరింత ప్రమాదకరం. ఆ యంత్రాలు నిమిషానికి 10 వేల సార్లకు పైగా తిరుగుతాయి. కలపలో పళ్లు ఇరుక్కుంటే యంత్రమే చేతిలోంచి మనిషి మీదకు ఎగురుతుంది. చక్రంపై ముద్రించిన గరిష్ఠ వేగం యంత్రం వేగం కంటే తక్కువైతే ఆ చక్రాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

కనిపించని నష్టం దుమ్ముది. కలప దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో నిర్ధారించింది. ముక్కుకు మాస్కు, చెవులకు రక్షణ, గాలి ఆడే చోటు కనీస అవసరాలు.

చట్టం చూపు ఎటు?

1948 నాటి కర్మాగారాల చట్టం 21వ సెక్షన్ యంత్రాల ప్రమాదకర భాగాలకు రక్షణ తొడుగును తప్పనిసరి చేసింది. అయితే ఆ చట్టం కింద కరెంటుతో నడిచే చోట పది మంది పనిచేస్తేనే అది కర్మాగారంగా లెక్కకు వచ్చేది. అంతకంటే చిన్న చోట్లకూ చట్టాన్ని వర్తింపజేసే అధికారం 85వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. కానీ యజమాని తన కుటుంబ సభ్యుల సాయంతోనే నడుపుకొనే చోటును అదే సెక్షన్ మినహాయించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కర్మాగారం హద్దును 20 మందికి పెంచింది. కోత మిల్లులకు 1969 నాటి ప్రత్యేక నిబంధనలున్నా, వాటి ధ్యాస అటవీ సంపదపైనే. కలప దుంగలకు లెక్క ఉంది, తెగిన వేళ్లకు లేదు.

పరిహారంలోనూ ఇదే పరిస్థితి. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం సంపాదన శక్తి నష్టమని 1923 నాటి పరిహార చట్టం లెక్కకట్టింది. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. ఏ చట్టమైనా పరిహారం చెల్లించడానికి యజమాని అంటూ ఒకరుండాలి. సొంత వాకిట్లో పనిచేసుకునే వడ్రంగికి యజమాని తానే. ఏటా 20 రూపాయల ప్రీమియంతో నడిచే ప్రధానమంత్రి సురక్షా బీమా పాక్షిక వైకల్యానికి లక్ష రూపాయలు ఇస్తుంది. అయితే ఓ చేయో, కాలో, కన్నో పోవాలి. రెండు వేళ్లు పోయిన వడ్రంగి ఉలి పట్టలేకపోయినా ఆ లెక్కలోకి రావడం కష్టమే.

గాయమైతే..

గాయంపై శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. పసుపు, కాఫీ పొడి, కిరోసిన్ పూయరాదు. తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరబడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని ఐసు కలిపిన నీటిలో ఉంచాలి. వేలిని నేరుగా ఐసులో వేస్తే కణజాలం దెబ్బతింటుంది. 108కి ఫోన్ చేసి, వేలు అతికించే శస్త్రచికిత్స ఎక్కడ అందుబాటులో ఉందో ముందే కనుక్కుని బయలుదేరితే విలువైన గంటలు వృథా కావు.

శిక్షణే మార్గం

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, రోజుకు 500 రూపాయల భృతితో శిక్షణ ఇందులో ఉన్నాయి. చట్టం వాకిలి దాటి లోపలికి రాలేకపోయినా, ఈ శిక్షణ రాగలదు. తొడుగు తీయకుండా కోయడం, చెక్క బిగించడం, తెగిన వేలిని భద్రపరచడం వంటివి చేసి చూపించేందుకు ఒక్క పూట చాలు. యంత్రం అమ్మే దుకాణదారులు సైతం పెట్టెలోని బిగింపు పట్టును ఎలా వాడాలో కొనుగోలుదారుకు చూపించవచ్చు. పథకం కింద సాయం అందించే అధికారులు పనిముట్టుతో పాటే పద్ధతినీ అందించేలా దృష్టి సారించాల్సి ఉంది. అంతవరకు వడ్రంగి వేళ్లకు రక్ష, యంత్రంతో పాటు వచ్చిన ఆ తొడుగే. దాన్ని తీయకుండా ఉంచుకోవడం మాత్రం అతని చేతుల్లోనే ఉంది.