కొట్టించుకోని నేరం

గిలెర్మో రిగోండో పేరెత్తగానే బాక్సింగ్ వ్యాఖ్యాతలు రెండు మాటలు కలిపి చెబుతారు: నైపుణ్యంలో అతనికి సాటి లేరు, కానీ ఆట చప్పగా ఉండేది, అందుకే పైకి రాలేకపోయాడు. 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో క్యూబాకు బాంటమ్‌వెయిట్ స్వర్ణాలు తెచ్చి, ఆ తర్వాత దేశం విడిచి అమెరికాలో ప్రపంచ ఛాంపియన్ అయిన ఈ ఎడమచేతి వాటం బాక్సర్ గురించి ఏళ్ల తరబడి చలామణీ అవుతున్న తీర్పు ఇది. మొదటి మాటతో పేచీ లేదు. రెండో మాటే జరిగినవాటితో పొసగదు.

1980లో శాంతియాగో డి క్యూబాలో పుట్టిన రిగోండో ప్రొఫెషనల్ రింగ్‌లో అడుగుపెట్టింది 2009 మే నెలలో, ఇరవై ఎనిమిదేళ్లు దాటాక. చిన్న బరువు విభాగాల్లో ఆ వయసుకు చాలామంది సగం ఆట ఆడేసి ఉంటారు. క్యూబా 1962లోనే ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను నిషేధించింది కాబట్టి డబ్బుకు ఆడాలంటే అప్పట్లో దేశం వదలడమే దారి. 2007 జూలైలో రియో డి జనీరోలో పాన్ అమెరికన్ క్రీడలు జరుగుతుండగా రిగోండో, సహచరుడు ఎరిస్లాండి లారా జట్టు నుంచి మాయమయ్యారు. కొద్ది రోజులకే బ్రెజిల్ పోలీసులు పట్టుకుని వెనక్కి పంపారు. పోరు మధ్యలో తోటివాళ్లను వదిలేసిన సైనికుడితో పోల్చి, వాళ్లకిక జట్టులో చోటు లేదని తేల్చేశాడు ఫిదెల్ కాస్త్రో. అక్కడి నుంచి ఏడాదిన్నరపాటు, ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న వయసులో, రిగోండో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. 2009 ఫిబ్రవరిలో భార్యాబిడ్డలను వదిలి పడవలో మెక్సికో చేరి, అక్కడి నుంచి మయామీ వెళ్లాడు. ‘చప్పటి ఆట’ సిద్ధాంతంలో ఈ పోయిన కాలానికి చోటే లేదు.

ఆ ఆట ఎక్కడిదో కూడా చూడాలి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్‌ను జడ్జీలు అన్యాయంగా ఓడించిన తర్వాత అమెచ్యూర్ బాక్సింగ్‌లోకి కంప్యూటర్ లెక్కింపు వచ్చింది. ఐదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు దాదాపు ఒకే సెకనులో బటన్ నొక్కితేనే దెబ్బకు పాయింటు దక్కేది. గుంపుగా కురిపించే పిడిగుద్దులు ఆ లెక్కలో కలిసిపోయేవి. శుభ్రంగా, విడిగా కనబడే ఒక్క దెబ్బకే విలువ ఉండేది. ఎదుటివాడిది తగలనివ్వకుండా తనది తగిలించడం, వెంటనే అడుగు వెనక్కి వేయడం క్యూబా శిక్షకులు తమ కుర్రాళ్లకు నేర్పిన విద్య. ఆ విద్య రిగోండోలో పరాకాష్ఠకు చేరింది. కుడిచేత్తో ఊరించి, ఎదుటివాడు చెయ్యి చాచిన క్షణంలో తల పక్కకు తప్పించి, ఎడమచేత్తో తిన్నగా కొట్టేవాడు. చూసేవాడు రెప్ప వేస్తే ఆ దెబ్బ కనబడదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది కాబోలు.

ఏడో పోరులోనే, 2010 నవంబరులో, వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ (డబ్ల్యూబీఏ) తాత్కాలిక సూపర్ బాంటమ్‌వెయిట్ టైటిల్ అతని చేతికొచ్చింది. తొమ్మిదో పోరులో, 2012 జనవరిలో, రికో రామోస్‌ను ఆరో రౌండులో పడగొట్టి పూర్తిస్థాయి ఛాంపియన్ అయ్యాడు. 2017 చివరిదాకా అతను గెలిచిన 17 పోరాటాల్లో 11 గడువు ముగియకుండానే తేలిపోయాయి. ఎదుటివాళ్లను ఇన్నిసార్లు మధ్యలోనే ఆపేసినవాడికి ‘చప్పటి’ అన్న బిరుదు ఎలా అతికిందో విచిత్రం.

అతికించిన రాత్రి 2013 ఏప్రిల్ 13. న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో ఎదుట నిలిచిన నోనితో డొనైరే అంతకుముందు ఏడాది ఉత్తమ బాక్సర్‌గా అమెరికా క్రీడా రచయితల ఎంపిక. ప్రమోటర్ టాప్ ర్యాంక్‌కు బంగారు బాతు. పదో రౌండులో రిగోండో ఒకసారి కింద పడ్డాడు. అయినా ముగ్గురు జడ్జీలూ అతన్నే గెలిపించారు. ఆఖరుకు డొనైరే కుడికన్ను వాచి మూసుకుపోయింది. ఆ ఇద్దరి ప్రమోటరూ ఒక్కడే, బాబ్ ఆరమ్. ప్రచారమంతా ఓడినవాడి మీద పెట్టిన ఆయన, ఇతన్ని టీవీకి అమ్మడం కష్టమని గెలిచినవాడి గురించి బహిరంగంగా వాపోయాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. అదే ఏడాది డిసెంబరులో జోసెఫ్ అగ్బెకోతో అట్లాంటిక్ సిటీలో జరిగిన పోరు నిజంగానే చప్పగా సాగింది. ముగ్గురు జడ్జీలూ 120-108 ఇచ్చారు, జనం ఈల వేసి గేలి చేశారు. అందులో వాదించడానికేమీ లేదు. కానీ ఏడాది తర్వాత ఒసాకాలో హిసాషి అమగాసా ఏడో రౌండులో అతన్ని రెండుసార్లు పడగొడితే, లేచి అమగాసా ముఖం గుర్తుపట్టలేనంతగా చితకబాది 11 రౌండ్లకే పోరు ముగించాడు. ఆ రాత్రిని తలుచుకునేవాళ్లు మాత్రం అరుదు.

రక్షణాత్మక ఆటకు గిరాకీ ఉండదన్నది నిజమైతే ఫ్లాయిడ్ మేవెదర్ అనే స్టారే ఉండేవాడు కాదు. మేవెదర్‌దీ కొట్టించుకోని విద్యే. 2015లో పాకియావోతో అతని పోరును డబ్బు కట్టి ఇళ్లలో చూసినవి అమెరికాలో 46 లక్షల కనెక్షన్లు. అతన్ని అమ్మింది నోటి దురుసు, ఇంగ్లీషు, ఓడిపోతే చూడాలని కోరుకునే శత్రువుల బలగం. రిగోండో దగ్గర ఆ మూడూ లేవు. మరో పక్క యురియోర్కిస్ గాంబోవాను చూస్తే ఆ సిద్ధాంతం పూర్తిగా కూలుతుంది. 2004 ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచి, 2006లో వెనిజులాలో జట్టు వదిలి పారిపోయిన గాంబోవా ఆట మెరుపు. మీద పడి కొట్టేవాడు, కొట్టించుకునేవాడు కూడా. అయినా 2012లో అదే టాప్ ర్యాంక్‌తో తగాదాపడి కోర్టుల్లో కాలం పోగొట్టుకున్నాడు. అతని ఉన్నతీ అక్కడే ఆగింది. ఒకరిది చప్పటి ఆట, ఒకరిది కారపు ఆట, ఇద్దరి గతీ ఒక్కటే. కాబట్టి ఆగడానికి కారణం ఆటలో వెతకడం దండగ. మెక్సికో, ఫిలిప్పీన్స్ బాక్సర్ల వెంట టికెట్లు కొనే జనం కదులుతారు. దేశం విడిచిన క్యూబా బాక్సర్‌ను అప్పట్లో స్వదేశంలో టీవీ చూపేది కాదు, పరాయి దేశంలో సొంతవాళ్లు హాలు నింపేవారు కాదు.

పేరున్న ప్రత్యర్థులు అతన్ని చూసి పక్కకు తప్పుకున్న సంగతి రికార్డుల్లోనే ఉంది. అదే బరువులో ఛాంపియన్లుగా ఉన్న లియో శాంతా క్రూజ్, స్కాట్ క్విగ్ ఎన్నడూ అతనితో తలపడలేదు. 2016లో కార్ల్ ఫ్రాంప్టన్‌ను రిగోండోతో ఆడమని డబ్ల్యూబీఏ ఆదేశిస్తే, టైటిల్ వదులుకుని పై విభాగానికి వెళ్లిపోయాడు. డబ్బు లెక్కన అది తెలివైన పనే, ఫ్రాంప్టన్‌ను తప్పుపట్టలేం. రిగోండో వేచి ఉన్నంతకాలం అతని వయసు మాత్రం వేచి ఉండలేదు. ఆటలు లేని ఆ రోజుల్లోనే, 2015లో, టైటిళ్లిచ్చే మరో సంస్థ డబ్ల్యూబీవో అతని దగ్గరున్న తన బెల్ట్ వెనక్కి తీసుకుంది.

2017 డిసెంబరులో వాసిల్ లొమచెంకో చేతిలో ఓటమిని విమర్శకులు చివరి సాక్ష్యంగా చూపుతారు. 37 ఏళ్ల రిగోండో 122 పౌండ్ల నుంచి ఏకంగా 130 పౌండ్లకు ఎక్కి, ఆరు రౌండ్ల తర్వాత చేతికి గాయమైందని స్టూలు మీద నుంచి లేవలేదు. అప్పటికే అన్ని విధాలా వెనకబడ్డాడు. అలా తప్పుకోవడం అభిమానులకూ మింగుడుపడలేదు. కానీ ఇది అతని బరువు కాదని, తనకిది పెద్ద విజయమేమీ కాదని ఆ రాత్రే చెప్పింది లొమచెంకో.

2020 ఫిబ్రవరిలో, 39 ఏళ్ల వయసులో, రిగోండో బాంటమ్‌వెయిట్‌కు దిగి లిబోరియో సోలిస్‌పై డబ్ల్యూబీఏ రెండో శ్రేణి టైటిల్ గెలిచాడు. 2021లో జాన్ రీల్ కసిమెరోకు జడ్జీల చీలిక తీర్పుతో ఓడాడు. ఇద్దరి దెబ్బలూ అరుదుగా తగిలిన ఆ పోరును ఎవరూ సమర్థించలేరు. 2022 ఫిబ్రవరిలో దుబాయ్‌లో విన్సెంట్ అస్ట్రోలాబియో చేతిలో మళ్లీ ఓటమి. మరుసటి నెల మయామీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పేలి కళ్లకు గాయాలు. ఆ ఏప్రిల్‌లోనే క్యూబా ప్రభుత్వం 60 ఏళ్ల నిషేధం ఎత్తేసి, తన బాక్సర్లను ప్రొఫెషనల్ పోరాటాలకు అనుమతించింది.