నలభైల్లో జీమ్యాట్

"ఈ వయసులో నీకు పరీక్షలేమిట్రా?" అని అమ్మ ఫోన్‌లో నవ్వింది. కోడు దగ్గరే ఆగిపోకూడదని ఎంబీయే ఆశ. పగలు కన్సల్టింగ్, రాత్రి జీమ్యాట్.

2024 ఫిబ్రవరి నుంచి ఉన్నది కొత్త జీమ్యాటే. మూడు భాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. వ్యాసం, జామెట్రీ తీసేశారు. లెక్కల భాగంలో కాలిక్యులేటర్ ఇవ్వరు. 21 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాల పైచిలుకే. ఎక్సెల్‌కు అలవాటుపడ్డ నా చేత ఇప్పుడు మా అమ్మాయి పదిహేడో ఎక్కం ఒప్పజెప్పించుకుంటోంది!

ఉద్యోగస్తులకు నా సలహా: రోజూ ఒక గంట, శనివారం మాక్ టెస్టు, తప్పిన ప్రశ్నలకు వేరే నోటుబుక్కు. ఆదివారం మాత్రం పిల్లలకే వదలండి. జీమ్యాట్ స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది. వాళ్ళ చిన్నతనం మనకోసం అన్నేళ్ళు ఆగదు.