నీరు పోయుట మరమ్మతు కాదు

ఎద్దు మేత మానినచో దాని నోరును, గిట్టలును చూడక మరల కాడి కట్టు రైతు మన గ్రామములలో లేడు. కాని ట్రాక్టరు రేడియేటరులో నీరు తగ్గినచో, ఆ రైతే ఒక బిందెడు బోరు నీరు పోసి బండిని దమ్మునకు దింపుచున్నాడు. ఈ యలవాటు మానవలెననియు, కారుట యెచ్చటనో కనుగొనుట రైతు తానే నేర్వవలసిన పని యనియు మా యభిప్రాయము.

రేడియేటరు, గొట్టములు, ఇంజను కలిసి మూత బిగించిన పాత్ర వంటివి. అందలి ద్రవము మాటిమాటికి తగ్గుచున్నచో ఎక్కడనో దారి దొరకినదని యర్థము. కూలెంటు సగము, శుద్ధజలము సగము కలిపిన ద్రవము వట్టి నీటికంటె ఎక్కువ వేడిమివద్ద గాని మరుగదు. లోపల త్రుప్పు పట్టనీయదు. బోరు నీరు పోసినకొలది ఆ గుణము పలుచబడును. నీళ్ల కాగులో గార కట్టినట్లే సన్నని గొట్టములలో సున్నము పేరుకొనును. పిదప ఇంజను మితిమీరి కాగి హెడ్డు వంగును, గాస్కెట్టు చెడును. ఒక క్లిప్పుతో పోవలసిన పని, నాట్ల నడుమ ఇంజను విప్పువరకు వచ్చును.

పరీక్షకు ముందు ఒక హెచ్చరిక. ఇంజను వేడిగా నుండగా మూత తీయరాదు. ఆవిరియు, మరుగు ద్రవమును ఎగజిమ్మి ముఖమును, చేతులను కాల్చును. పూర్తిగా చల్లారిన పిదపనే తీయవలెను.

దమ్ము చేసిన బండికి బురద యంటియుండుటచే కారిన చారలు కనబడవు. కావున చల్లారిన బండిని కడిగి, ఆరబెట్టి, రాత్రి దాని క్రింద అట్టముక్క పరచవలెను. ఉదయమున తడి యెచ్చట నున్నదో చూచి, దానికి పైభాగమును వెదకవలెను. కారి యెండిన చోట తెల్లనిదో, కూలెంటు రంగుదో పొక్కు కట్టియుండును. రబ్బరు గొట్టములను నొక్కి చూచినచో పగుళ్లు, ఉబ్బు తెలియును. మూతలోని రబ్బరును, అడుగున నీరు వదలు మరను, నీటి పంపు క్రింది చిన్న రంధ్రమును చూడవలెను. ఆ రంధ్రమునుండి కారినచో పంపు సీలు అరిగినది.

నేలపై చుక్క లేకయే ద్రవము తగ్గుచున్నదా? ఇంజను నూనె పాలు కలిపిన తేనీటివలె మారినను, సైలెన్సరునుండి తెల్లని పొగ విడువక వచ్చుచున్నను గాస్కెట్టును అనుమానింపవలెను. అట్టి బండిని నడపక మెకానిక్కును పిలువవలెను.

క్లిప్పు బిగించుట, గొట్టము మార్చుట, క్రొత్త మూత వేయుట ఇంటివద్దనే కాదగిన పనులు. ఇత్తడి రేడియేటరునకు పని తెలిసినవానిచే మాటు వేయింపవచ్చును. ప్లాస్టిక్కు తొట్టి పగిలినచో మార్చుటయే మేలు. కొందరు డ్రైవర్లు పసుపు పొడి పోయుదురు. అది బండిని ఇల్లు చేర్చవచ్చును గాని, ముద్ద కట్టి మంచి గొట్టములను సైతము మూయును. దానిని మరమ్మతని నమ్మరాదు.

మఱియొకటి. ఇథిలీన్ గ్లైకాలు గల కూలెంటు తియ్యగా నుండు విషము. దానిని కాలువలోనో, కుడితి తొట్టి చెంతనో పారబోసినచో పశువులు, కుక్కలు త్రాగి చచ్చును. పిల్లలకును అపాయమే. డబ్బాలో పట్టి, మూత బిగించి దూరముగా నుంచవలెను.

ఇవి యెల్ల మెకానిక్కు పనులు, మనకేల యని కొందరందురు. మెకానిక్కు అక్కఱలేదని మేమనుట లేదు. వ్యాధి యెచ్చట నున్నదో తెలిసిన రైతు అతనిని సకాలమున పిలుచును, అక్కఱలేని భాగములు కొనడు. కంటికి కనబడని కారుటకు చేతి పంపును, ముల్లు గడియారమును గల పీడన పరీక్షా సాధన మొకటి యున్నది. రేడియేటరు నోటికి తగిలించి, మూతపై వ్రాసిన పీడనము మించకుండ గాలి కొట్టినచో, ముల్లు దిగుటచేత కారుట తెలియును. ఒక్కొక్క రైతు దానిని కొన నక్కఱలేదు. సంఘమున కొకటి యున్న చాలును. విత్తనములు, ఎరువులు కలిసి కొను సభ్యులు దీనిని కలిసి కొనలేరా? రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి, దమ్ముల కాలమునకు ముందే తీర్మానింపవలెనని మా మనవి.