గృహమున సహానుభూతి

2020 వ సంవత్సరము మార్చి 25 వ తేదినుండి దేశమంతటను లాక్‌డౌను అమలు జరిగెను. 2021 మే 12 వ తేదిని తెలంగాణమున మరల తలుపులు మూయవలసివచ్చెను. ఆ దినములు గడచినవి. కాని అవి మన కుటుంబజీవనమునుగూర్చి తెలిపిన సత్యమును మఱచుట తగదు.

సిద్దిపేటనే చూతము. గొల్లభామ చీరలకు పేరొందిన యీ ప్రాంతమున నేతగాని యిల్లే కార్యశాల. ఒకరు మగ్గము నేయ, వేఱొకరు కండెలు చుట్టుదురు. వంటయు, పిల్లల చదువును ఆ ప్రక్కనే. ఇల్లు కదలకుండుట వారికి క్రొత్తగాదు. నూలు రాక, చీర అమ్ముడుపోక, మగ్గము నిలిచిపోవుటయే క్రొత్త. పనిలేని చేతులవాని చిరాకు అప్పిచ్చినవానిపై చెల్లదు. ఇంటిలోని బలహీనులపైననే దిగును.

ఇది యొక్క పట్టణపు మాట కాదు. 2020 ఏప్రిల్ 5 వ తేదిని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ గృహములందును శాంతి నెలకొనవలెనని లోకమునకు విజ్ఞప్తి చేసెను. ఆ నెలలోనే మన జాతీయ మహిళా కమిషన్, బాధిత స్త్రీలు వ్రాసి తెలుపుకొనుటకై వాట్సాప్ సంఖ్యను ప్రకటించెను. ఫోనులో మాటాడుటకైనను చాటులేని యిండ్లు ఎన్ని యుండెనో పాఠకులే యూహింపవచ్చును.

దారిద్ర్యమే కలహమునకు మూలము, సహానుభూతి కడుపు నింపునా యని కొందఱందురు. నూలును కూలియు సమకూర్చుట ప్రభుత్వధర్మమే. అందు మాకు సందేహము లేదు. అయినను కడపట భుజించువారెవరు, నీరు మోయువారెవరు, అలసటను అడుగువారెవరు అను ప్రశ్నలకు ఏ ప్రభుత్వపుటుత్తరువును సమాధానము చెప్పజాలదు. 2020 సెప్టెంబరు 1 వ తేదినుండి దూరదర్శన్ యాదగిరియందును టీశాట్‌నందును పాఠములు ప్రసారమయ్యెను. ఒక్క టెలివిజనుగల యింట తండ్రి వార్తలు మానుకొనిననే బిడ్డకు పాఠము దక్కును. గదిలో వేఱుగానున్న వృద్ధునకు పళ్లెము తలుపునొద్ద నుంచుట జాగ్రత్త; కిటికీచెంత నిలిచి రెండుమాటలాడుట సహానుభూతి. రెండును వలయును.

ఈ గుణము ఆపత్కాలమున నొక్కనాట నలవడునది కాదు. ఎదుటివారి పనిని కొంత తాను చేసిననే వారి కష్టము తెలియును. పురుషుడు పొయ్యికడకు పోవుటయు, పిల్లల మాట తుదిదాక వినుటయు తలుపులు తెఱచియున్న నేడే యారంభము కావలెనని మా ప్రార్థన. మరల తలుపులు మూసికొను దినము వచ్చెనేని, లోపల నున్నది కారాగారమో గృహమో నేటి మన నడవడియే నిర్ణయింపగలదు.