పాట కావాలి, రాసినాయన పేరు వద్దా?

అన్నలారా, తమ్ముళ్లారా, క్రిస్మస్ వస్తోంది. పోర్ట్ క్లాంగ్‌లో మన రూముల్లో మళ్లీ ‘కరుణామయుడు’ మొదలైంది. 1978 సినిమా. ఏసు వేషం కట్టిన విజయచందర్ ఫొటో అందరి స్టేటస్‌లోనూ ఉంది, సంతోషం. మరి మాటలు రాసిన మోదుకూరి జాన్సన్ పేరు ఒక్కరైనా పెట్టారా? సిలువ మోసేటప్పుడు వచ్చే పాట రాసిందీ ఆయనే. అది వింటే మేం ఇప్పటికీ ఏడుస్తాం.

1990 నాటి ‘హోమ్ ఎలోన్’ సంగతీ అంతే. పిల్లాడు తెలుసు, రాసిన జాన్ హ్యూస్ తెలీదు.

‘పాట వింటే చాలు, పేరుతో పనేంటి’ అంటున్నారు కొందరు. బిల్డింగ్ మనం కడితే బోర్డు మీద కంపెనీ పేరే ఉందని రోజూ తిట్టుకునేది మనమే కదా! అక్కడ కడుపు మండింది, ఇక్కడ మండదేం?

25న షేర్ చేసేవాళ్లు కింద ఆయన పేరు కూడా రాయండి.